బుడ్డి తినడం లేదు

“ఇవాళైనా తింటుందా, ఇవాళ కూడా నీ జావ సింకుకేనా?” అన్నాడు భర్త, బూటు లేసు కట్టుకుంటూ.

నవ్వుతూనే అన్నాడు. అతని మాటలన్నీ అంతే, నవ్వులో చుట్టి ఇస్తాడు. విప్పి చూసుకుంటే గానీ లోపల ఏముందో తెలియదు.

ఆమె చూపు గిన్నె మీదే ఉంది. స్టవ్ మీద జావ చిక్కబడుతోంది, ఇప్పుడు తల తిప్పితే ఉండ కడుతుంది. ఆ జావ వెనక నిన్నటి పగలంతా ఉంది. బియ్యం ఏరడం, కడగడం, బట్ట మీద ఆరబెట్టడం, రంగు మారకుండా సన్నని సెగ మీద వేయించడం, చల్లారాక పొడి పట్టడం, జల్లించడం, జల్లెడలో మిగిలింది మళ్ళీ పట్టడం. అంతా చేస్తే వచ్చేది ఒక చిన్న సీసాడు. ఇప్పుడు అందులోంచి చెంచాడు తీసి, ముందు చల్లటి నీళ్ళలో కలిపి, అప్పుడు పొయ్యి మీద పెట్టి, చెయ్యి ఆపకుండా తిప్పుతోంది. దించాక తన పాలు పిండి కాస్త కలపాలి. తెలిసిన రుచి గనక బుడ్డి నోరు తెరుస్తుందేమోనని ఆశ. చెంచా వంచితే నీళ్ళలా కారకూడదు, ముద్దలా ఊడిపడకూడదు, నెమ్మదిగా జారాలి. మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుంటే వేడీ తెలియకూడదు, చల్లదనమూ తెలియకూడదు. అన్నీ సరిగ్గా వచ్చాయి. రోజూ సరిగ్గానే వస్తున్నాయి. తినవలసిన మనిషి తప్ప.

బుడ్డికి ఆర్నెల్లు నిండాయి. మెడ నిలిచింది, ఆసరా ఇస్తే కూర్చుంటోంది, ఎవరు తింటున్నా వాళ్ళ నోటివంక అప్పుడే అప్పు అడగబోయేవాళ్ళలా చూస్తోంది. క్లినిక్కులో నర్సు, “ఇంక మొదలుపెట్టెయ్యండమ్మా. ముందు ఒక్క రకం గింజే. అది నాలుగురోజులు పెట్టి, పడితే అప్పుడు ఇంకోటి. ఉప్పు వద్దు, చక్కెర వద్దు, తేనె అసలే వద్దు” అని చెప్పి పంపింది. అందుకని బియ్యం ఒక్కటే. కానీ చెంచా పెదవికి తగలగానే బుడ్డి మూతి బిగించేస్తుంది. కాస్త ఆగి మళ్ళీ పెడితే మొహం భుజంలో దాచుకుంటుంది. బలవంతాన లోపలికి వెళ్ళిన చుక్కని నాలుకతో బయటికి తోసి, ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వుతుంది. వారం దాటింది, ఇదే వరస.

“పది టన్నులు ఎత్తుతావట, చెంచా ఎత్తలేకపోతున్నావు” అంది అత్తగారు ఆ పక్కనుంచి, వార్తాపత్రిక మీంచి తల ఎత్తకుండా.

పది టన్నులు ఎత్తుతుందన్నది నిజమే. ఆమె ఇనుప సామాను గోదాములో క్రేను నడుపుతుంది. గోదాము పైకప్పు కింద ఈ గోడనుంచి ఆ గోడకి పట్టాలుంటాయి, వాటి మీద క్రేను, క్రేను కింద అద్దాల గది. నిటారుగా ఉన్న ఇనుప నిచ్చెన ఎక్కి ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటే కిందనున్న మనుషులందరూ నడినెత్తులూ భుజాలే. వాళ్ళ మాటలు అక్కడికి వినబడవు. ఈల బాబాయి అని ఒక పెద్దాయన కింద నిలబడి ఈల వేసి, చేత్తో సైగ చేస్తాడు. ఆమె మీట కదుపుతుంది. రేకుల చుట్ట నేల వదిలి లేస్తుంది. వేలాడే బరువు ఊగడం మొదలుపెడుతుంది, ఊగుతుంది గదా అని గభాలున ఆపితే ఇంకా ఊగుతుంది. అది ఎటు వెళ్తుంటే అటే కాస్త వెనకాల వెళ్ళి, దాన్ని బుజ్జగించినట్టు నిలబెట్టాలి. ఆ పని ఆమె చేతికి పట్టుబడింది. కిందవాళ్ళు ఆమెని పైనక్క అంటారు. తనకంటే పెద్దవాడైన ఈల బాబాయి కూడా పైనక్కా అనే పిలుస్తాడు.

కడుపుతో ఉన్నప్పుడు నిచ్చెన ఎక్కకూడదని ఆమెని కిందికి దింపేశారు. దింపి, స్టోరు గదిలో చేతి తొడుగులు పంచే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడికి వచ్చిన ప్రతివాడూ “ఏం పైనక్కా, కిందికొచ్చావే” అనేవాడు. అన్నవాడికి అది ఒక్కసారి జోకు, విన్నదానికి రోజంతా. ఇప్పుడు సెలవు అయిపోవస్తోంది. మొన్న ఫోర్‌మాన్ ఫోన్ చేశాడు. “చూడమ్మా, నీ సీటు సోమవారం దాకా పట్టుకోగలను. ఆ తర్వాత అది కొత్తవాడికి రాసేస్తారు, నా చేతిలో ఉండదు. నీకు స్టోర్లో కుర్చీ ఎక్కడికీ పోదనుకో. ఫ్యాను కింద. ఆడవాళ్ళకి అదే హాయి కూడాను.”

ఆ సాయంత్రమే ఈల బాబాయీ చేశాడు. “నువ్వు తొందరగా వచ్చెయ్ పైనక్కా. కొత్తవాడు చుట్ట దించుతుంటే నేను కిందనుంచి సైగలు చెయ్యడం లేదు, దణ్ణాలు పెడుతున్నాను.”

సోమవారం. దానికి భర్త పెట్టిన షరతు ఒకటుంది. అతను షరతు అనడు, ఆలోచన అంటాడు. అతను కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరులో కూర్చుంటాడు. పగలంతా అందరి ఫిర్యాదులూ వింటాడు గనక ఇంట్లో ఎవరూ ఫిర్యాదు చెయ్యకూడదన్నది అతని మొదటి ఆలోచన. రెండోది ఇది. “నేనేం వద్దనడం లేదే. బుడ్డి గిన్నెడు జావ తిన్న రోజు నువ్వు హాయిగా డ్యూటీలో చేరు. నీ పాల మీదే బతుకుతున్న పిల్లని వదిలేసి, నువ్వు ఆకాశంలో వేలాడుతుంటే, దానికి ఆకలేస్తే ఎవరివ్వాలి? నేనివ్వగలనా?” అని తన ఛాతీ చూపించి నవ్వాడు. గోదాము గేటు పక్కనే పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉంది, అక్కడ అడిగి వచ్చానని చెబితే, “ఇంట్లో అమ్మ ఉండగా పరాయివాళ్ళ చేతిలో పెట్టడమేంటి? అమ్మ చూసుకుంటుంది. ముందు పిల్ల తిననీ” అని తేల్చేశాడు. దానికి ఆమె మళ్ళీ మాట్లాడలేదు. అత్తగారు అక్కడే ఉంది, ఆవిడా మాట్లాడలేదు. ఆవిడ ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అనుకున్నారు ఇద్దరూ.

అందుకని ఇప్పుడు ఆమె ఉద్యోగం మొత్తం ఒక పిల్ల పెదవుల మీద ఆగి ఉంది.

భర్త బయల్దేరాక బుడ్డిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జావ పెట్టింది. పాట పాడింది. చెంచాని విమానం చేసింది, పిచ్చుక చేసింది, చివరికి క్రేను కూడా చేసింది. మెల్లగా పైనుంచి దించి, ఊగకుండా నిలబెట్టి, పెదవుల ముందు ఆపింది. బుడ్డి ఆ చెంచాని శ్రద్ధగా చూసింది. చూసి ఆవలించింది. ఆకలేసిన పిల్ల ఆవలిస్తుందా అనుకుంది ఆమె. మరుక్షణమే, నాకేం తెలుసు, ఇది నా మొదటి బిడ్డ, అందరూ అంటున్నట్టు నా చెయ్యే మంచిది కాదేమో అనుకుంది. ఇలాంటి మాట వెయ్యిసార్లు అనుకుంటే అది మనం అనుకున్న మాటలా ఉండదు, ఎవరో ఎప్పుడో తేల్చిచెప్పిన సంగతిలా ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో కూర మాడితే ‘మీ అమ్మ నేర్పలేదా’ అన్నారు. పాలు పడటం ఆలస్యమైతే ‘ఇనుము పట్టుకున్న ఒళ్ళు కదా’ అని పరామర్శకి వచ్చినావిడ అంది. అన్నీ ఎక్కడో ఒక మూల పడి ఉన్నాయి. బుడ్డి మొహం తిప్పుకున్నప్పుడల్లా అన్నీ లేచి కూర్చుంటున్నాయి.

“నా ముగ్గురూ గిన్నె నాకేవాళ్ళు” అంది అత్తగారు. “బలవంతపెట్టకు అమ్మాయీ. తల్లి ఆత్రం పిల్లకి తెలిసిపోతుంది. ఇంకో ఏడాది ఇంట్లో ఉంటే ఏం మునిగిపోయిందని?”

ఆ రోజు మధ్యాహ్నం క్లినిక్కులో పిల్లల బరువు తూస్తారు. ఆమె భయపడుతూనే వెళ్ళింది. తక్కువ ఉంటే ఆ నర్సు ఏమంటుందో, ఆ కాగితం ఇంటికి తీసుకొస్తే వీళ్ళు ఏమంటారో. నర్సు తూచి, “బంగారంలా ఉంది. పోయినసారికంటే బాగా పెరిగింది. జావ బాగా పడినట్టుందే” అంది.

“తినడం లేదండీ. ఒక్క చెంచా కూడా.”

“గాలి భోంచేసి పెరగరమ్మా పిల్లలు” అని నవ్వి, నర్సు పక్క బిడ్డ కోసం చెయ్యి చాపింది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తగారు వెంటనే అందుకుంది. “చూశావా మరి. అంతా నీ పాల బలమే. అలాంటి పాలు పెట్టుకుని, పిల్ల నోటి దగ్గర్నుంచి లాక్కుని వెళ్తానంటున్నావు.”

సాయంత్రం భర్త కూడా ఆ మాటకి తల ఊపాడు. “ఫోర్‌మాన్‌కి నేను చెప్పనా?” అన్నాడు, ఎంతో సాయం చేస్తున్నవాడిలా.

“నేనే చెప్తాను” అంది ఆమె. చెప్పలేదు. ఫోన్ చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ పెట్టెయ్యడం. స్టోరు గది కళ్ళముందు కనబడేది. రబ్బరు తొడుగుల వాసన, బల్ల మీద సంతకాల పుస్తకం, నెత్తిన తిరిగే ఫ్యాను, ‘ఏం పైనక్కా’ అన్న మాట. అక్కడ కూర్చుని పైన కొత్తవాడు ఊపుతున్న బరువుల చప్పుడు వింటూ ముసలిదైపోవడం.

శనివారం పొద్దున బుడ్డి డైపరు విప్పింది.

ఆ ఇంట్లో డైపరు మార్చేది ఆమె ఒక్కతే. భర్తకి వాసన పడదు. మొదట్లో ఒకసారి ప్రయత్నించి, ముక్కు మూసుకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, ఇంటిల్లిపాదినీ నవ్వించి, ఆ నవ్వుతో ఆ పని వదిలించుకున్నాడు. అత్తగారు, “నా వంతు ముగ్గురికి చేసేశానమ్మా” అని ఆ మొదటిరోజే చెప్పేసింది. ఇంక ఎవరున్నారు?

డైపరులో నారింజ రంగు పోగులున్నాయి. సన్నగా, పొట్టిగా. రక్తమా? కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. తడి కాగితంతో ఒక పోగు తీసి వేళ్ళ మధ్య నలిపింది. మెత్తగా నలిగింది. వాసన చూసింది. ఇలాంటి పని చేస్తానని ఏడాది కింద ఎవరైనా చెబితే నమ్మేది కాదు. అది రక్తం కాదు, జబ్బు కాదు. క్యారెట్టు.

ఆమె బుడ్డికి క్యారెట్టు ఎన్నడూ పెట్టలేదు.

బాత్రూము నేల మీద అలాగే కూర్చుండిపోయింది. బుడ్డి చాప మీద పడుకుని కాళ్ళు గాల్లో తొక్కుతూ, తన మీద వచ్చిన నేరంతో తనకేమీ సంబంధం లేనట్టు కబుర్లు చెబుతోంది. ఆవలింత అర్థమయింది. బరువు అర్థమయింది. తను స్నానానికి వెళ్ళినప్పుడల్లా “పిల్లని నాకివ్వు, బాల్కనీలో ఎండ తగిలేలా కూర్చోబెడతాను” అని అత్తగారు ఎదురొచ్చి అందుకోవడం అర్థమయింది. ఇన్నాళ్ళూ మెత్తటి అన్నమే పెట్టి, నిన్ననే క్యారెట్టుకి మారి ఉంటుంది. గిన్నె కడిగి పెట్టేసి, బుడ్డి మూతి తుడిచేసి, క్యారెట్టు తొక్కు చెత్తబుట్టలో అడుక్కి తోసేసి ఉంటుంది. అన్ని జాగ్రత్తలూ తీసుకుంది. పెట్టింది ఎటు వెళ్తుందో మాత్రం మర్చిపోయింది.

కోపం ముందు చేతుల్లోకి వచ్చింది. డైపరు పట్టుకుని నేరుగా హాల్లోకి వెళ్ళి ఆ వార్తాపత్రిక మీద పరిచేద్దామా అనిపించింది. వెళ్ళలేదు. ఊగే బరువుని గభాలున ఆపకూడదని ఆమె ఒళ్ళంతటికీ తెలుసు. బుడ్డిని కడిగి, ఆరబెట్టి, కొత్తది కట్టి, బయటికి వచ్చి, రోజూ చెప్పే మాటే చెప్పింది.

“అత్తయ్యా, కాస్త పిల్లని చూడండి. స్నానం చేసొస్తాను.”

“ఇలా ఇవ్వు. ఎండ బాగుంది.”

బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి వదిలేసింది. బకెట్టులో నీళ్ళు పడుతున్న చప్పుడు వింటూ కాసేపు నిలబడి, చెప్పులు లేకుండా బయటికొచ్చి, బాల్కనీ తలుపు పక్క గోడకి ఆనుకుంది.

అత్తగారు పీట వేసుకుని కూర్చుంది. ఒళ్ళో బుడ్డి. చేతిలో మూత తీసిన చిన్న గ్లాసు. మెత్తగా ఉడికించి మెదిపిన క్యారెట్టు. ఆవిడ చెంచా పెదవులకి ఆనించదు, పిల్ల తల వంచి తనంతట తను వచ్చేదాకా ఆగుతుంది. బుడ్డి ముందుకు వంగి, నోరు పెద్దగా తెరిచి, చెంచాని రెండు చేతులా పట్టుకుని లాక్కుంటోంది. ఆ తినడం చూస్తుంటే ఆమెకి ఏడుపొచ్చింది. కోపంలోనూ, నా పిల్ల తింటుంది, బాగా తింటుంది అన్న ఆనందం ముందు వచ్చింది. దాని వెనకే మళ్ళీ కోపం.

“తిను తల్లీ” అంటోంది అత్తగారు, చిన్న గొంతుతో. “నీ పొట్ట నిండితే మీ అమ్మ ఎక్కడికీ వెళ్ళదు. మీ అమ్మ వెళ్తే నాకు మళ్ళీ మొదటికొస్తుంది. నేను చెయ్యలేనమ్మా. నిజం చెప్తున్నా, నాకు ఓపిక లేదు. ఇంకో చెంచా?”

కుళాయి చప్పుడు మారింది. బకెట్టు నిండి పొంగుతోంది.

“అందులో ఉప్పు వెయ్యలేదు కదా అత్తయ్యా?” అంది ఆమె, తలుపు దాటి.

“ఉప్పా? నాకామాత్రం తెలీదా” అంది అత్తగారు. అనేశాక చెంచా గాల్లో ఆగింది.

చెంచా రాలేదేమని బుడ్డి ఒకసారి అరిచింది. అత్తగారు అలవాటు కొద్దీ దాని నోట్లో పెట్టేసింది.

“నన్ను దొంగని చూసినట్టు చూడకు” అంది.

“ఇంకెలా చూడను? నా చెయ్యి మంచిది కాదనుకున్నాను. దానికి నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. వారం రోజులనుంచీ మీరు ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నారు, జావ పారబోస్తుంటే. చెంచా ఎత్తలేవా అన్నారు.”

“అన్నాను.” ఆవిడ గ్లాసు కింద పెట్టింది. “నీకెలా తెలిసింది?”

“డైపరులో.”

అత్తగారు కళ్ళు మూసుకుంది. తర్వాత నవ్వింది, అందులో సరదా లేదు. “అది మర్చిపోయాను చూడు. ముగ్గురికి చేసినదాన్ని. ఆయన మంచాన పడ్డాక ఆయనకీ చేశాను, ఏళ్ళు. ఏ రంగుంటే ఏం తిన్నట్టో నిద్రలో కూడా చెప్పేదాన్ని. అది నా బుర్రలోంచి పూర్తిగా పోయింది. నువ్వు చెప్పేదాకా పోయిందని కూడా తెలీదు.” కొంగుతో బుడ్డి గడ్డం తుడిచింది. “పోయినందుకు సంతోషంగా ఉంది.”

“నేను వెళ్ళడం ఇష్టం లేకపోతే నాతో చెప్పాల్సింది.”

“నువ్వు వెళ్ళడం నాకేం కష్టం కాదు. నువ్వు అద్దాల గదిలో కూర్చో, చంద్రమండలం మీద కూర్చో. వెళ్తే పిల్ల ఎవరి దగ్గరుంటుందని?”

“మీ అబ్బాయి మీరు చూసుకుంటారన్నారు.”

“నాతో అన్నాడా? నీతో అన్నాడు. నేనక్కడే కూర్చుని ఉన్నాను, కుర్చీతో పాటు ఇంకో కుర్చీలా. వాడు అడగలేదు. సరే, వాడు అడగడు, వాడి సంగతి నాకు తెలుసు, నేను కన్నవాడే. నువ్వూ అడగలేదు.”

లోపల బకెట్టు పొంగుతూనే ఉంది.

“వద్దు అనొచ్చు కదా అత్తయ్యా.”

“అనడం తేలికనుకున్నావా? నాకు పని కావాలి అని నువ్వంటే ఎన్ని మాటలన్నారో విన్నావుగా. అందులో సగం నేనే అన్నాను. నీది ఉద్యోగం, జీతం ఉంది, దానికో పేరుంది. నేనేమనాలి? నాకు పేకాట ఉంది, మనవరాల్ని చూడను అనాలా?”

పేకాట సంగతి ఆమెకి తెలుసు. భర్తకి మాత్రం తెలీదు. కింద వాటాలో రిటైరైన టీచరమ్మ ఇంట్లో రోజూ మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్ళు ఆడతారు. పందెం ఉండదు, ఓడినవాళ్ళు మర్నాడు టీ పెట్టాలి. అత్తగారు కొడుకుతో ‘టీచరమ్మకి కాస్త తోడుగా’ అని చెబుతుంది. భోజనాలయ్యాక మొహం కడుక్కుని, కొంగు సర్దుకుని, మెట్లు దిగి వెళ్తుంది. సాయంత్రం మెట్లెక్కి వచ్చేటప్పుడు ఎవరో అన్న జోకుకి తనలో తను నవ్వుకుంటూ వస్తుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ మనిషి మనసారా నవ్వడం ఆమె చూసింది ఆ మెట్ల మీదే.

“నేను లేకపోతే ముగ్గురే” అంది అత్తగారు. “ముగ్గురితో మా ఆట నడవదు. ఇంకొకర్ని వెతుక్కుంటారు. అలా ఇంకొకర్ని పెట్టేశాక మళ్ళీ నాకు చోటుండదు.”

నీ సీటు సోమవారం దాకా పట్టుకోగలను. ఆ మాట ఆమె చెవిలో ఫోర్‌మాన్ గొంతుతోనే వినబడింది. జాలి పడాలని లేదు. ఈవిడ చేసింది చిన్న పని కాదు. ఒక మనిషి తన బిడ్డ ముందు తనే పనికిరానిదాన్నని వారంపాటు నమ్మేలా చేసింది. దానికి క్షమాపణ కూడా చెప్పలేదు, చెప్పేలా లేదు. కానీ చెప్పిన మాటలో ఒక్కటీ అబద్ధం లేదు, అదే ఇబ్బంది.

“ఇవాళ సాయంత్రం బాల్కనీలోకి తీసుకెళ్ళకండి” అని మాత్రం అంది. అని వెళ్ళి కుళాయి కట్టింది.

సాయంత్రం భర్త వచ్చేసరికి బుడ్డి ఆకలి మీద ఉంది. ఆమె జావ కాచింది, చల్లార్చింది, పాలు కలిపింది. హాల్లో నేల మీద కూర్చుని పిల్లని ఒళ్ళో పెట్టుకుంది. అత్తగారు మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. భర్త కాఫీ కప్పు పట్టుకుని, “ఆఖరి ఆట మొదలు” అని ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

ఈసారి ఆమె చెంచా పెదవులకి ఆనించలేదు. కాస్త దూరంలో పట్టుకుని ఆగింది. పొద్దున చూసిన పద్ధతి అది. ఎవరి దగ్గర చూసిందో ఆ మనిషి చేతిలోని చొక్కా మడత ఆపి, ఇటే చూస్తోంది. బుడ్డి చెంచా వంక చూసింది. వాసన పట్టినట్టు ముక్కు కదిపింది. ముందుకు వంగింది.

తింది. ఇంకోటి తింది. చెంచా ఆలస్యమైతే కేకలేసింది. అడుగున మిగిలింది గీకి పెట్టేదాకా ఊరుకోలేదు.

“అదీ” అన్నాడు భర్త, కప్పు కింద పెట్టి చప్పట్లు కొడుతూ. “నేనన్నానా లేదా? అన్నీ టైము వచ్చినప్పుడు అవే అవుతాయి. నువ్వు అనవసరంగా కంగారుపడ్డావు. సరే, నేను మాటంటే మాటే. సోమవారం నువ్వు వెళ్ళు. అమ్మ చూసుకుంటుంది.”

ఇన్నాళ్ళూ ఆ మొదటి మాట కోసమే ఎదురుచూసింది ఆమె. సోమవారం నువ్వు వెళ్ళు. నిచ్చెన, అద్దాల గది, ఈల, అరచేతిలో మీట చల్లదనం, అన్నీ ఒక్కసారి దగ్గరికొచ్చేశాయి. ఇప్పుడు చెయ్యవలసిందల్లా ఊరుకోవడమే. తల ఊపి, ఖాళీ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతే అయిపోతుంది. పొద్దుటి సంగతి బయటపెడతానేమోనన్న భయంతో అత్తగారు కాదనదు. నోరెత్తకుండా చేస్తుంది, చేతులు నొప్పెట్టినా చేస్తుంది. అది ఆవిడకి తగిన శాస్తి కూడా. ఎవరైనా అదే అంటారు.

అత్తగారి వైపు చూసింది. ఆవిడ కొడుకు చొక్కాని మడతపెట్టి, విప్పి, మళ్ళీ అదే మడత పెడుతోంది.

“అత్తయ్యని అడిగారా?” అంది ఆమె.

“ఏం అడగాలి?”

“చూసుకుంటారా అని.”

“అమ్మనా?” భర్త నవ్వాడు. “అమ్మని అడిగేదేముంది? సొంత మనవరాలు. ఏమ్మా, చూసుకుంటావుగా?” అని తల్లి జవాబు కోసం ఆగకుండా కాఫీ కప్పు అందుకున్నాడు.

“అత్తయ్యకి మధ్యాహ్నాలు వీలుపడదు” అంది ఆమె.

“ఏం, ఏమన్నా ఉద్యోగమా?”

ఇంక తను చెప్పవలసింది లేదని ఆమెకి తెలుసు. తర్వాతి మాట తనది కాదు. అది వస్తే వస్తుంది, రాకపోతే లేదు. బుడ్డి మూతి తుడుస్తూ ఆగింది.

“పేకాట” అంది అత్తగారు.

“ఏంటి?”

“నాకు పేకాట ఉందిరా. కింద టీచరమ్మ ఇంట్లో. రోజూ.” మడతపెట్టిన చొక్కాని ఒళ్ళోకి లాక్కుంది. “నేను వెళ్తాను. మానను.”

అతను తల్లి వంక చూసి, భార్య వంక చూసి, పగలబడి నవ్వాడు. నవ్వుకి తోడెవరూ రాలేదు. నవ్వు తగ్గిపోయింది.

“బాగుంది. అయితే మీరిద్దరూ చెరో దిక్కూ వెళ్తారు. మరి పిల్ల?”

“సోమవారం నుంచి మీరు సెలవు పెట్టండి” అంది ఆమె. “క్రికెట్ మ్యాచ్‌లు చూడ్డానికి మీరు దాచుకున్న సెలవులు చాలా ఉన్నాయి. అవి అయ్యేలోపు బుడ్డికి పగటిపూట నేను లేకుండా తినడం అలవాటవుతుంది. తర్వాత గేటు పక్క కేంద్రంలో చేరుద్దాం. పొద్దున దింపడం మీది, సాయంత్రం తేవడం నాది. నాకు ఇంకో ఆలోచన లేదు. వెళ్ళడం మాత్రం వెళ్తున్నాను. ఫోర్‌మాన్‌కి చెప్పేశాను.”

చెప్పలేదు. ఆ క్షణంలోనే నిర్ణయించుకుంది. ఫోన్ తర్వాత చెయ్యొచ్చు.

“నాకు జావ చెయ్యడం ఎక్కడొచ్చు?”

“రాదు. రేపు ఆదివారం కదా, రేపంతా ఉంది. కానీ ఇవాళ నుంచే మొదలుపెట్టండి. దానికి ఇంకా ఆకలి తీరినట్టు లేదు, చూడండి చెంచా ఎలా చీకుతోందో. లేవండి, గుమ్మంలో నిలబడి చెప్తాను.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

అతను తల్లి వైపు చూశాడు, చిన్నప్పుడు ఎవరైనా కొట్టబోతే చూసినట్టు. అత్తగారు చొక్కా పక్కన పెట్టేసి లేచి వచ్చి, కోడలి ఒళ్ళోంచి బుడ్డిని తీసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆమె కూడా లేచి వెళ్ళి ఆ పక్కన నిలబడింది. ముగ్గురు ఆడవాళ్ళూ అతని కోసం ఎదురుచూస్తున్నారు. అందులో ఒకతె చెంచా చీకుతోంది.

అతను కాఫీ మిగిలింది తాగాడు. కప్పు చాలాసేపు చూశాడు. లేచి, వాళ్ళ మధ్యనుంచి ఒదిగి, పుట్టినప్పటి నుంచీ భోజనం చేస్తున్న ఆ ఇంటి వంటగదిలోకి వెళ్ళి నాలుగు వైపులా చూశాడు.

“గిన్నెలెక్కడుంటాయి?” అన్నాడు.

గుమ్మంలోంచి ఇద్దరూ కదల్లేదు.